అల్ప ఆక్సిజన్ జలాలలో చేపల జీవక్రియ

నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ (ప్రాణవాయువు) తగ్గిపోయినపుడు బ్రతికి ఉండడానికి చేపలు తమ శ్వాసక్రియలోను, రక్తప్రసరణలోను, కణాలలోని శక్తి ఉత్పత్తి, వినియోగాలలోను చేసుకొనే మార్పులను అల్ప ఆక్సిజన్ అనుకూలనాలు అంటారు. ఆక్సిజన్ అవసరమైనంత లేని స్థితిని హైపాక్సియా అనీ, పూర్తిగా లేని స్థితిని అనాక్సియా అనీ వ్యవహరిస్తారు. సాధారణంగా లీటరు నీటిలో 2 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఆక్సిజన్ ఉన్నపుడు ఆ నీటిని హైపాక్సియా స్థితిలో ఉన్నట్లుగా పరిగణిస్తారు. అయితే ఈ హద్దు అన్ని చేపలకూ ఒకటి కాదు. బొచ్చె చేప ఊపిరాడక నీటిపైకి తేలే స్థితిలో అదే చెరువులోని కొర్రమీను మామూలుగా తిరుగుతూ ఉంటుంది.

ఈ తేడాకు కారణం ఆక్సిజన్‌ను సంపాదించుకొనే శక్తి మాత్రమే కాదు, ఉన్న ఆక్సిజన్‌తో సరిపెట్టుకొనే శక్తి కూడా. రాబడి తగ్గినపుడు ఖర్చును ఎంతవరకు తగ్గించుకోగలదు అన్నదానిపై చేప ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని చెరువులలో తెల్లవారుజామున చేపలు చనిపోవడం, చేపల పెంపకందారులు మబ్బు పట్టిన రోజులలో మేత ఆపివేయడం, కొర్రమీనును బజారులో ప్రాణాలతోనే అమ్మగలగడం మొదలైనవన్నీ ఈ విషయానికి సంబంధించినవే.

నీటిలో ఆక్సిజన్ లభ్యత

గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. నీటిలో అది చాలా తక్కువగా కరుగుతుంది. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరగగలదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరితే ఇది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. హైదరాబాదు నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడి చెరువులలో ఇది మరికొంత తగ్గి 7.1 మిల్లీగ్రాముల దరిదాపులలో ఉంటుంది. ఒక లీటరు గాలిలో ఉండే ఆక్సిజన్ ఒక లీటరు నీటిలో ఉండేదానికి ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. పైగా నీరు గాలి కంటే బరువైనది, చిక్కనైనది. కనుక మొప్పల మీదుగా నీటిని నడిపించడానికే చేప తన శక్తిలో కొంత భాగాన్ని వెచ్చించవలసి ఉంటుంది.

ఉష్ణోగ్రత చేపను రెండు వైపులా ఇబ్బంది పెడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. చేపలు శీతల రక్త జీవులు గనుక అదే సమయంలో వాటి జీవక్రియ వేగం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆక్సిజన్ అవసరం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఈ కారణంగా వేసవిలో ఉష్ణమండలపు చెరువులలోని చేపలకు అవసరం ఎక్కువ, లభ్యత తక్కువ.

చెరువులో రాత్రింబవళ్ళ మార్పు

చెరువు నీటిలోకి ఆక్సిజన్ రెండు మార్గాలలో వస్తుంది. మొదటిది, గాలి నుండి నీటి ఉపరితలం ద్వారా కరగడం. రెండవది, నీటిలోని నాచు, ఇతర సూక్ష్మ వృక్షాలు పగటిపూట కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేయడం. రాత్రి వేళ రెండవ మార్గం మూసుకుపోతుంది. అదే నాచు, చేపలు, అడుగు బురదలోని బాక్టీరియాలు అన్నీ రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందువలన చెరువులో ఆక్సిజన్ మధ్యాహ్నం తరువాత అత్యధికంగాను, సూర్యోదయానికి ముందు అత్యల్పంగాను ఉంటుంది.

నాచు విపరీతంగా పెరిగిన ఆకుపచ్చని చెరువులలో ఈ హెచ్చుతగ్గులు మరీ తీవ్రం. అటువంటి నీటిలో మధ్యాహ్నం ఆక్సిజన్ సంతృప్త స్థాయిని మించి ఉండి, తెల్లవారేసరికి దాదాపు శూన్యానికి పడిపోవచ్చు. మబ్బు పట్టి, గాలి స్తంభించిన రోజున పగటి ఉత్పత్తి తగ్గి రాత్రికి నిల్వ చాలదు. మురుగునీరు, కుళ్ళిన ఆకులు, మిగిలిపోయిన మేత వంటి సేంద్రియ పదార్థాలను కుళ్ళబెట్టే బాక్టీరియాలు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఈ వినియోగాన్ని జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బీవోడీ) అనే కొలతతో తెలియజేస్తారు.

జీవక్రియ రేటు - సంధి స్థాయి

ఆహారం జీర్ణం చేసుకోకుండా, కదలకుండా ఉన్న చేప కేవలం ప్రాణాలు నిలుపుకోవడానికి వాడే ఆక్సిజన్‌ను ప్రామాణిక జీవక్రియ రేటు అంటారు. శాయశక్తులా ఈదుతున్నపుడు వాడేది గరిష్ఠ జీవక్రియ రేటు. ఈ రెండింటి మధ్య గల తేడాయే ఈదడానికి, పెరగడానికి, ఆహారం జీర్ణం చేసుకోవడానికి, గుడ్లు పెట్టడానికి చేపకు అందుబాటులో ఉండే మిగులు. ఈ భావనను కెనడా శాస్త్రవేత్త ఎఫ్.ఇ.జె. ఫ్రై 1947లో ప్రతిపాదించాడు. నీటిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ముందుగా గరిష్ఠ రేటు పడిపోతుంది. అంటే చేప చనిపోవడానికి చాలా ముందే దాని పెరుగుదల, చురుకుదనం, సంతానోత్పత్తి కుంటుపడతాయి.

చాలా చేపలు ఆక్సిజన్ కొంతవరకు తగ్గినా తమ ప్రామాణిక రేటును నిలుపుకోగలవు. ఒక హద్దు దాటిన తరువాత మాత్రం ఆక్సిజన్ తగ్గినకొద్దీ వాడకం కూడా తగ్గిపోతుంది. ఈ హద్దును సంధి ఆక్సిజన్ స్థాయి అంటారు. ఇది ఎంత తక్కువగా ఉంటే ఆ చేప అల్ప ఆక్సిజన్‌ను అంత బాగా తట్టుకుంటుందని అర్థం. ఈ హద్దుకు దిగువన చేపకు రెండే మార్గాలు మిగులుతాయి: శక్తి ఖర్చును తగ్గించుకోవడం, ఆక్సిజన్ లేకుండానే కొంత శక్తిని తయారు చేసుకోవడం.

తొలి ప్రతిస్పందనలు

ఆక్సిజన్ తగ్గగానే చేప మొదట రాబడిని పెంచుకోవడానికి ప్రయత్నిస్తుంది. మొప్పలలోని గ్రాహక కణాలు ఈ తగ్గుదలను గుర్తించి మెదడుకు తెలియజేస్తాయి. దానితో నోరు, మొప్ప మూతలు వేగంగా కదిలి మొప్పల మీదుగా ఎక్కువ నీరు ప్రవహిస్తుంది. చాలా చేపలలో ఈ దశలో గుండె వేగం తగ్గుతుంది, కాని ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తం ముందుకు నెట్టబడుతుంది.

తరువాతి మార్పు రక్తంలో జరుగుతుంది. చేపల ఎర్ర రక్తకణాలలో ఏటీపీ, జీటీపీ అనే అణువులు హిమోగ్లోబిన్‌కు అతుక్కొని, అది ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోకుండా చేస్తుంటాయి. అల్ప ఆక్సిజన్ స్థితి కొన్ని గంటలు, రోజులు కొనసాగినపుడు ఎర్ర కణాలలో ఈ అణువుల పరిమాణం తగ్గుతుంది. ఫలితంగా హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్ల ఆకర్షణ పెరిగి, పలుచబడిన నీటి నుండి కూడా దానిని గ్రహించగలుగుతుంది. ప్లీహం నుండి ఎర్ర రక్తకణాలు అదనంగా రక్తంలోకి విడుదల కావడం కూడా కొన్ని జాతులలో జరుగుతుంది.

మొప్పలతోనే శ్వాసించే చేపలు అవసాన దశలో నీటి ఉపరితలానికి చేరి నోరు తెరిచి పై పొరను పీలుస్తాయి. గాలికి ఆనుకొని ఉండే ఈ పలుచని పొరలో కొద్దిగా ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది. బొచ్చె, శీలావతి, మోసు వంటి చేపలు తెల్లవారుజామున గుంపుగా పైకి తేలి నోళ్ళు తెరవడం ఇదే. ఇవి గాలిని పీల్చడం లేదు, గాలి తగిలిన నీటిని పీలుస్తున్నాయి.

శక్తి ఖర్చును తగ్గించుకొనుట

కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ. ఇది ఎక్కువ కాలం నిల్వ ఉండేది కాదు, ఎప్పటికప్పుడు తయారు కావలసినది. ఏటీపీ తయారీ తగ్గి ఖర్చు మాత్రం యథాప్రకారం సాగితే, కణపు పొరల మీద సోడియం, పొటాషియం అయాన్ల సమతౌల్యాన్ని కాపాడే పంపులు ఆగిపోతాయి. కణాలలోకి కాల్షియం చొరబడి అవి చనిపోతాయి. మనుషులలో కొన్ని నిమిషాలపాటు ఆక్సిజన్ అందకపోతే మెదడు దెబ్బతినడానికి కారణం ఇదే.

దీనిని తట్టుకొనే చేపలు ఖర్చును ఒక క్రమంలో తగ్గించుకుంటాయి. మొదట ఈదడం, వేటాడడం, సంగమం వంటి పనులు ఆగుతాయి. ఆకలి తగ్గుతుంది. ఆహారం తిన్న తరువాత దానిని జీర్ణం చేసుకొని, శరీరంలో కలుపుకోవడానికి కొన్ని గంటలపాటు ఆక్సిజన్ వాడకం బాగా పెరుగుతుంది. కనుక తినకపోవడమే పెద్ద పొదుపు. తరువాత కణాల లోపల మాంసకృత్తుల తయారీ మందగిస్తుంది. ఉత్తర ఐరోపాలో నివసించే క్రూషియన్ కార్ప్ (కరాసియస్ కరాసియస్) అనే చేపలో జరిపిన పరిశోధనలలో, ఆక్సిజన్ లేనపుడు కాలేయంలో మాంసకృత్తుల తయారీ దాదాపు ఆగిపోతుందనీ, గుండెలోను కండరాలలోను సుమారు సగానికి తగ్గుతుందనీ, మెదడులో మాత్రం తగ్గదనీ తేలింది. అంటే ఈ పొదుపు అన్ని అవయవాలకూ సమానంగా వర్తించదు.

మెదడులో నాడీ కణాల చురుకుదనాన్ని తగ్గించే గాబా అనే రసాయనం స్థాయి పెరుగుతుంది. ఈ స్థితిలో క్రూషియన్ కార్ప్ కంటిచూపు కూడా తాత్కాలికంగా అణచివేయబడుతుంది. దాని దగ్గరి బంధువైన బంగారు చేప ఆక్సిజన్ పూర్తిగా లేనపుడు తన శరీరం నుండి వెలువడే వేడిని మామూలు స్థాయిలో మూడింట ఒక వంతు వరకు తగ్గించుకోగలదు. శరీరం నుండి వెలువడే వేడి మొత్తం జీవక్రియకు కొలమానం గనుక, ఆ చేప తన జీవక్రియను అంత మేరకు తగ్గించుకుంటుందని చెప్పవచ్చు.

ఈ విషయంలో మరొక విశేషం జీబ్రా చేపలో కనిపించింది. దక్షిణాసియా నీళ్ళలో పుట్టిన ఈ చిన్న చేప నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడబడుతున్నది. ఆక్సిజన్ లేని నీటిలో ఉంచిన జీబ్రా చేప పిండాలలో కణ విభజన, గుండె స్పందన ఆగిపోయి, 24 గంటల తరువాత ఆక్సిజన్ అందించగానే ఎదుగుదల తిరిగి మామూలుగా కొనసాగినట్లు 2001లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

ఆక్సిజన్ లేకుండా శక్తి ఉత్పత్తి

ఆక్సిజన్ ఉన్నపుడు మైటోకాండ్రియాలలో ఒక గ్లూకోజ్ అణువు నుండి 30 నుండి 32 వరకు ఏటీపీ అణువులు తయారవుతాయి. ఆక్సిజన్ లేనపుడు గ్లైకాలిసిస్ అనే తొలి దశ మాత్రమే సాగి, నికరంగా 2 ఏటీపీ అణువులు మాత్రమే లభిస్తాయి. కనుక ఈ మార్గంలో ఇంధనం చాలా వేగంగా ఖర్చవుతుంది. అల్ప ఆక్సిజన్‌ను తట్టుకొనే చేపలు కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజన్ రూపంలో ఎక్కువ ఇంధనాన్ని నిల్వ చేసుకుంటాయి. శీతాకాలానికి ముందు క్రూషియన్ కార్ప్ కాలేయపు బరువులో సుమారు 30 శాతం వరకు గ్లైకోజనే ఉండవచ్చు.

రెండవ ఇబ్బంది వ్యర్థ పదార్థానిది. గ్లైకాలిసిస్ చివర లాక్టిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఇది పేరుకుంటే రక్తం, కణాలు ఆమ్లత్వానికి లోనై చేప చనిపోతుంది. చాలా చేపలలో ఆక్సిజన్ లేకుండా బ్రతకగలిగే గడువును నిర్ణయించేది ఇదే. ఆక్సిజన్ తిరిగి లభించిన తరువాత ఈ ఆమ్లాన్ని తొలగించడానికి చేప కొన్ని గంటలపాటు ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది. దీనిని ఆక్సిజన్ రుణం అంటారు.

బంగారు చేప, క్రూషియన్ కార్ప్‌లు ఈ ఇబ్బందిని అసాధారణమైన రీతిలో పరిష్కరించుకున్నాయి. ఇవి లాక్టిక్ ఆమ్లాన్ని కండరాలలో ఇథనాల్ (సారా) గా మార్చి మొప్పల ద్వారా నీటిలోకి వదిలివేస్తాయి. ఈ విషయం బంగారు చేపలో 1980లో వెల్లడైంది. సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం వీటి పూర్వీకులలో జన్యువులన్నీ రెట్టింపు అయినపుడు, పైరువేట్‌ను మైటోకాండ్రియాలలోకి పంపే ఒక ఎంజైము సముదాయానికి అదనపు ప్రతి ఏర్పడి, అదే ఇథనాల్ తయారీకి దారి తీసిందని 2017లో నార్వే, ఇంగ్లాండు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఈ సామర్థ్యంతో క్రూషియన్ కార్ప్ మంచు కప్పిన చెరువులలో కొన్ని నెలలపాటు ఆక్సిజన్ లేకుండా బ్రతుకుతుంది.

అయితే ఇది శీతల దేశాలకు తగిన ఉపాయం. సున్నా డిగ్రీల దరిదాపులలో జీవక్రియ సహజంగానే మందగించి ఉంటుంది గనుక గ్లైకోజన్ నిల్వ నెలల తరబడి సరిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగితే అదే నిల్వ చాలా తొందరగా అయిపోతుంది. బొచ్చె, శీలావతి, మోసు చేపలు కూడా కార్ప్ జాతులే అయినా వాటికి ఇటువంటి ఓర్పు లేదు. ఇవి స్వభావరీత్యా పారే నదులకు చెందిన చేపలు.

జన్యు నియంత్రణ

అల్ప ఆక్సిజన్ స్థితి కొనసాగినపుడు కణాలలో హైపాక్సియా ప్రేరిత కారకం (హిఫ్-1) అనే మాంసకృత్తు నిలదొక్కుకుంటుంది. ఆక్సిజన్ తగినంత ఉన్నపుడు ఇది తయారైన కొద్దిసేపటికే విచ్ఛిన్నమవుతుంది. ఆక్సిజన్ తగ్గినపుడు విచ్ఛిన్నం కాకుండా కేంద్రకంలో ప్రవేశించి గ్లైకాలిసిస్ ఎంజైములు, ఎర్ర రక్తకణాల తయారీ, కొత్త రక్తనాళాల పెరుగుదలలకు సంబంధించిన అనేక జన్యువులను మేల్కొలుపుతుంది. కణాలు ఆక్సిజన్ లభ్యతను గుర్తించే ఈ విధానాన్ని వివరించినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వీరి పరిశోధనలు ప్రధానంగా క్షీరదాల కణాలకు సంబంధించినవే అయినా ఈ విధానం చేపలలో కూడా ఉన్నది.

గాలి పీల్చే చేపలు - కొర్రమీను

వెచ్చని ఉష్ణమండలపు చెరువులలో చేపలకు జీవక్రియను నెలల తరబడి అణచి ఉంచడం సాధ్యం కాదు. కాని అక్కడ నీటిపై మంచు పేరుకోదు. ఉపరితలం ఎల్లప్పుడూ తెరిచే ఉంటుంది. అందువలన ఈ ప్రాంతపు అనేక జాతులు నేరుగా గాలిని పీల్చే అవయవాలను సంతరించుకున్నాయి. తెలుగు ప్రాంతాలలో వీటిలో ముఖ్యమైనవి:

* కొర్రమీను లేక కొరమీను (చన్నా స్ట్రయేటా), మట్టగిడస (చన్నా పంక్టేటా): మొప్పలకు పైన, తలలో ఇరువైపులా రక్తనాళాలు దట్టంగా పరచుకున్న గాలి గదులు ఉంటాయి.
* మార్పు (క్లారియస్): మొప్పల పైగదిలో చెట్టు కొమ్మలవలె చీలిన అవయవం ఉంటుంది.
* ఇంగిలాయి (హెటెరోన్యూస్టిస్ ఫాసిలిస్): మొప్పల గది నుండి వెనుకకు తోకవైపు సాగిన గొట్టాల వంటి గాలి సంచులు ఉంటాయి.
* అనాబాస్: మొప్పల పైన మడతలు పడిన పలుచని ఎముక రేకులతో కూడిన అవయవం ఉంటుంది. తేమగా ఉన్న నేలపై కొంత దూరం పాకగలదు.

భారతదేశపు గాలి పీల్చే చేపల నిర్మాణంపై భాగల్పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఎస్. దత్తా మున్షీ, ఇంగ్లాండులోని బ్రిస్టల్‌కు చెందిన జి.ఎం. హ్యూస్ విస్తృతంగా పరిశోధించారు.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. ఎదిగిన కొర్రమీనుకు గాలి పీల్చడం ఐచ్ఛికం కాదు, అనివార్యం. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న నీటిలోనైనా, పైకి రానీయకుండా వల అడ్డుపెడితే అది ఊపిరాడక చనిపోతుంది. దీని మొప్పలు క్షీణించి చిన్నవిగా ఉంటాయి. ఇది లోపంగా కనిపించినా ప్రయోజనకరమైనదే. గాలి గది నుండి ఆక్సిజన్ నింపుకొని వచ్చిన రక్తం పెద్ద మొప్పల గుండా ప్రవహిస్తే, ఆక్సిజన్ లేని నీటిలోకి అది తిరిగి జారిపోతుంది. చిన్న మొప్పల వలన ఈ నష్టం తగ్గుతుంది. బొగ్గుపులుసు వాయువు నీటిలో సులభంగా కరుగుతుంది గనుక దానిని వదలడానికి చిన్న మొప్పలు, చర్మం సరిపోతాయి. ఈ విధంగా ఆక్సిజన్ గాలి నుండి రావడం, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా నీటిలోకి పోవడం గాలి పీల్చే చేపల సాధారణ లక్షణం.

అప్పుడే గుడ్ల నుండి వెలువడిన కొర్రమీను పిల్లలకు గాలి గదులు ఉండవు. అవి పెరిగేకొద్దీ ఏర్పడతాయి. తల్లిదండ్రుల కాపలాలో ఇవి గుంపుగా నీటిపై పొరలోనే తిరుగుతాయి. వేసవిలో చెరువు ఎండినపుడు పెద్ద కొర్రమీను తడి బురదలో దూరి, కదలికలు తగ్గించుకొని, శరీరంలోని నిల్వలపై ఆధారపడి వానలు వచ్చేవరకు గడపగలదు. అక్కడ మరొక సమస్య ఎదురవుతుంది. మామూలుగా మొప్పల ద్వారా నీటిలోకి పోయే అమ్మోనియా ఒంట్లోనే పేరుకుంటుంది. మార్పు, ఇంగిలాయి వంటి చేపలు దీనిని తక్కువ హానికరమైన యూరియాగా మార్చుకోగలవని షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత ప్రాంత విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు తెలిపాయి.

గాలి పీల్చడానికీ మూల్యం ఉన్నది. పైకి వచ్చిన ప్రతిసారీ చేప కొంత శక్తిని వెచ్చిస్తుంది, కొంగలకు, లకుముకి పిట్టలకు, జాలరులకు కనబడుతుంది. అందువలన ఈ చేపలు కూడా అవసరాన్ని తగ్గించుకొని, పైకి వచ్చే వేళలను పరిమితం చేసుకుంటాయి.

ఈ లక్షణం వలననే కొర్రమీనును కొద్దిపాటి నీరు గల తొట్లలో ఉంచి ప్రాణాలతో అమ్మగలుగుతారు. హైదరాబాదులో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం వారు పంపిణీ చేసే చేప ప్రసాదంలో వాడేది కూడా సజీవమైన చిన్న కొర్రమీను పిల్లలనే. జనం వీటిని చిన్న ప్లాస్టిక్ సంచులలోని నీటిలో ఉంచుకొని వరుసలో వేచి ఉంటారు. ఈ ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందనే నమ్మకానికి శాస్త్రీయ నిరూపణ లేదు.

హైదరాబాదు చెరువులు

హైదరాబాదు నగరంలో వెంగళరావు నగర్, యూసఫ్‌గూడ, జూబ్లీ హిల్స్ ప్రాంతాలకు తూర్పున హుస్సేన్ సాగర్, పడమట జూబ్లీ హిల్స్ - మాదాపూర్‌ల మధ్య దుర్గం చెరువు ఉన్నాయి. కుతుబ్ షాహీల కాలంలో హుస్సేన్ సాగర్ 16వ శతాబ్దంలో నిర్మించబడినది. దుర్గం చెరువు గోల్కొండ కోటకు నీరందించినది. చుట్టూ నగరం పెరిగిన తరువాత ఈ రెండింటిలోకి నివాస ప్రాంతాల మురుగునీరు చేరింది. హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా ద్వారా పారిశ్రామిక వ్యర్థాలు కూడా చేరాయి.

మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు, గుర్రపు డెక్కకు ఎరువుగా పనిచేస్తాయి. గుర్రపు డెక్క నీటిని కప్పివేస్తే వెలుతురు లోపలికి చేరదు, గాలి నీటికి తగలదు. వేసవి చివర నీరు తగ్గి వేడెక్కిన సమయంలో తొలకరి వాన పడితే, కాలువలలో పేరుకున్న మురుగు అంతా ఒక్కసారిగా చెరువులోకి వస్తుంది, అడుగు బురద కూడా కలగిపోతుంది. కొన్ని గంటలలోనే ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు తమ రక్తంలోను, కణాలలోను మార్పులు చేసుకోవడానికి కొన్ని గంటల నుండి రోజుల వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరకనపుడు, అనుకూలన శక్తి గల జాతులు సైతం చనిపోవచ్చు.

నగర పరిసరాలలో చేపలు మూకుమ్మడిగా మరణించిన సంఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. వాటిలో ముఖ్యమైనది సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో 2017 అక్టోబరులో జరిగినది. చేపలు చనిపోయిన ప్రతి సందర్భంలోను ఆక్సిజన్ లోపమే కారణమని చెప్పలేము. విష రసాయనాలు నేరుగా చంపవచ్చు, లేదా మొప్పలను దెబ్బతీసి ఉన్న ఆక్సిజన్‌ను అందకుండా చేయవచ్చు. మొప్పలతో మాత్రమే శ్వాసించే చేపలు తెల్లవారుజామున చనిపోయి, అదే నీటిలో కొర్రమీను, మార్పు వంటివి బ్రతికి ఉంటే ఆక్సిజన్ లోపాన్ని అనుమానించవచ్చు. అన్ని జాతులూ, అన్ని వేళలా చనిపోతుంటే విషప్రభావాన్ని పరిశీలించవలసి ఉంటుంది. రెండు సందర్భాలలోను నీటి పరీక్ష ద్వారానే నిర్ధారణ సాధ్యం.

గాలి పీల్చే చేపలు బ్రతికి ఉన్నంత మాత్రాన నీరు బాగున్నదని భావించరాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ (క్లారియస్ గారీపినస్) మురికి నీటిలో కూడా దట్టంగా పెంచడానికి వీలైనది కావడానికి ఈ శ్వాస విధానమే ఒక కారణం. ఇతర చేపలను తిని స్థానిక జాతులకు హాని చేస్తుంది గనుక భారత ప్రభుత్వం దీని పెంపకాన్ని 2000లో నిషేధించింది.

చేపల పెంపకంలో ప్రాముఖ్యత

ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు పరిసరాలలోను, కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాలలోను బొచ్చె, శీలావతి చేపలను విస్తారంగా పెంచుతున్నారు. వీటికి లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఉండడం మంచిది. 3 మిల్లీగ్రాములకు తగ్గితే మేత తినడం, పెరుగుదల తగ్గుతాయి. 1 మిల్లీగ్రాముకు పడిపోతే మూకుమ్మడి మరణాలు సంభవించవచ్చు. ఒక్క తెల్లవారుజామున రైతు సంవత్సర కాలపు పెట్టుబడి పోయే ప్రమాదం ఇందులో ఉన్నది.

ఈ ప్రాంతంలో తవుడు, చెక్క కలిపిన మేతను చిల్లులు గల సంచులలో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టే పద్ధతి ఉన్నది. చేపలు సంచుల చిల్లుల నుండి మేతను లాగి తింటాయి. ఆక్సిజన్ లోపం ఏర్పడినపుడు పాటించవలసిన జాగ్రత్తలు చేప జీవక్రియపై ఆధారపడినవే:

* మబ్బు రోజులలోను, చేపలు పైకి తేలుతున్నపుడు మేత తగ్గించాలి లేదా ఆపాలి. తిన్న చేపకు ఆక్సిజన్ అవసరం ఎక్కువ. మిగిలిన మేత కుళ్ళినా ఆక్సిజన్ ఖర్చవుతుంది.
* సూర్యుడు బాగా వచ్చి ఆక్సిజన్ పెరిగిన తరువాతనే మేత వేయాలి.
* ఏరేటర్లను అర్ధరాత్రి నుండి సూర్యోదయం వరకు నడపాలి. చేపలు తేలిన తరువాత నడపడం కంటే ముందుగా నడపడం మేలు.
* వీలైతే కొత్త నీరు పెట్టాలి.
* ఆ సమయంలో వల వేయరాదు. వలలో పెనుగులాడే చేప తన కొద్దిపాటి మిగులునూ ఖర్చు చేసి, లాక్టిక్ ఆమ్లంతో చనిపోతుంది.
* ఎదురయ్యే ప్రమాదాన్ని బట్టి చెరువులో వదిలే చేప పిల్లల సంఖ్యను పరిమితం చేయాలి.

మంచినీటి చేపల పెంపకంపై పరిశోధనలు జరిపే కేంద్రీయ మంచినీటి జలచరాల పెంపక సంస్థ భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్నది. దీని ప్రాంతీయ పరిశోధనా కేంద్రం విజయవాడలో కలదు. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

పరిమితులు

ఈ అనుకూలనాలు చేపకు గడువును ఇస్తాయి, శాశ్వత రక్షణను ఇవ్వవు. ఖర్చు తగ్గించుకొని బ్రతికిన చేప ఆ కాలమంతా పెరగదు, సంతానోత్పత్తి చేయదు, వ్యాధులను ఎదుర్కొనే శక్తిని కోల్పోతుంది. కనుక చేపలు చనిపోకపోయినా, తరచుగా ఆక్సిజన్ పడిపోయే చెరువులో దిగుబడి తగ్గుతుంది. కాలక్రమంలో మొప్పలతో శ్వాసించే జాతులు తగ్గి, ఓర్చుకోగల కొద్ది జాతులే మిగులుతాయి. వాతావరణ మార్పుల వలన నీటి ఉష్ణోగ్రత పెరిగితే ఆక్సిజన్ లభ్యత తగ్గి, అవసరం పెరిగి ఈ ఒత్తిడి మరింత తీవ్రమవుతుంది.

ఇవి కూడా చూడండి

* కొర్రమీను
* మొప్పలు
* హుస్సేన్ సాగర్
* దుర్గం చెరువు
* కొల్లేరు సరస్సు
* గుర్రపు డెక్క
* గ్లైకాలిసిస్
* మృగశిర కార్తె